తుప్పు పట్టిన బోల్టు ఎక్కడ పట్టుకుంటుంది?

ఒకే నెలలో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రెండు మారుతి 800 కార్లను ఊహించుకుందాం. ఒకటి కర్నూలులో తిరిగింది. రెండోది విశాఖపట్నంలో సముద్రానికి కూతవేటు దూరంలో, ఇంటి ముందు ఆరుబయటే నిలబడింది. ఇరవై ఏళ్లకు రెండింటికీ ముందు వైపు లోయర్ ఆర్ముల రబ్బరు బుష్‌లు అరిగిపోయాయి. గతుకు వచ్చినప్పుడల్లా టకటకమని చప్పుడు. కర్నూలు కారు పని మధ్యాహ్నం భోజనం వేళకు పూర్తవుతుంది. విశాఖ కారుకు మొదటి బోల్టు దగ్గరే పొద్దుగూకుతుంది. బోల్టు అదే, ఉక్కు అదే, ఫ్యాక్టరీలో బిగించిన బిగింపూ అదే. మధ్యలో వచ్చి చేరింది కాస్త ఉప్పు, కాస్త తేమ, చాలా కాలం.

పాత కార్లు మన రోడ్ల మీద ఇంకా చాలా కాలం ఉంటాయి. సొంత కారు రిజిస్ట్రేషన్‌కు మొదట పదిహేనేళ్ల గడువు. ఆ తర్వాత బండి ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకుంటూ పోవచ్చు. ఇంజను బాగున్న బండిని వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. అలాంటి బండికి ముందుగా వయసు కనబడేది కిందిభాగంలోనే. చక్రాన్ని బాడీతో కలిపే ఆర్ములు, లింకులు, షాకబ్సర్లు, వాటిని పట్టి ఉంచే పది పన్నెండు బోల్టులు అక్కడే ఉంటాయి. ఆ బోల్టులు ఊడకపోతే ఏ రిపేరూ మొదలుకాదు. ఊడదీసే తొందరలో సగం తెగి లోపల ఉండిపోతే, రెండు వేల రూపాయల పని ఇరవై వేల పనిగా మారుతుంది. అందుకే ఈ చిన్న విషయాన్ని తీరిగ్గా చూడాలి.

ఇనుము తుప్పు పట్టడం కంటికి కనబడనంత చిన్న బ్యాటరీ పనిచేయడమే. లోహం మీద నీటి పొర ఉంటే, ఒకచోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లు వదిలి నీటిలోకి కరుగుతాయి. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండానే మరోచోటికి చేరి, అక్కడ గాలిలోని ఆక్సిజన్‌తో, నీటితో కలుస్తాయి. రెండు చోట్ల పుట్టినవి మధ్యలో ఎదురుపడితే ఎర్రటి, పసుపు రంగు ఐరన్ హైడ్రాక్సైడ్లు పేరుకుంటాయి. ఈ బ్యాటరీ నడవాలంటే నీటిలో విద్యుత్తు సులువుగా పారాలి. మంచినీటిలో అది మందకొడిగా పారుతుంది. ఉప్పునీటిలో జోరుగా పారుతుంది. పైగా ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు, లోహం తన చుట్టూ కట్టుకునే పలుచని రక్షణ పొరను కూడా ఛేదిస్తాయి.

ఇక్కడ మామూలుగా మనం అనుకునేదానికి పూర్తిగా వ్యతిరేకమైన సంగతి ఒకటుంది. గాలి బాగా తగిలే చోటే ఎక్కువ తుప్పు పడుతుందని మన నమ్మకం. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రజ్ఞుడు, 1920ల్లో, ఇనుప పలక మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేసి ఈ నమ్మకాన్ని తిరగేశారు. చుక్క అంచుల్లో గాలి త్వరగా అందుతుంది, మధ్యలో అందదు. ఎలక్ట్రాన్లను తీసుకునే చర్య అంచుల్లో జరిగింది. ఇనుము కరిగిపోయింది మాత్రం గాలి అందని మధ్యభాగంలో. తుప్పు ఈ రెంటి నడుమ వలయంలా ఏర్పడింది.

బోల్టు విషయంలో ఆ చుక్క మధ్యభాగం ఎక్కడుంటుంది? మరల సందుల్లో, నట్టు అడుగున, బుష్ గొట్టం లోపల. బయట కనబడే బోల్టు తల మీద తుప్పు ఎంత భయంకరంగా ఉన్నా అది పెద్ద లెక్కలోది కాదు. గాలి చొరబడని సందులోకి ఒకసారి ఉప్పునీరు చేరిందంటే, లోపలి ద్రవం క్రమంగా ఆమ్లంగా మారి ఇనుమును తింటూనే ఉంటుంది. అలా పుట్టిన తుప్పు, అది తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బయటికి పోవడానికి దారి లేదు కాబట్టి రెండు వైపులా నొక్కుతుంది. వానాకాలంలో ఉబ్బి చట్రంలో బిగుసుకున్న తలుపు ఎంత నెట్టినా రాదే, ఇదీ ఆ తరహా పట్టే. కాకపోతే తలుపు ఎండాకాలంలో మళ్లీ వదులవుతుంది, తుప్పు వెనక్కి తగ్గదు.

సముద్రతీరపు గాలికి ఇంకో గుణం ఉంది. వంటింటి ఉప్పు, గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే చుట్టూ ఉన్న తేమను లాక్కుని తనంతట తానే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. అంటే తీరం వెంట తిరిగిన కారు కింద పేరుకున్న ఉప్పు పొర, వాన పడకపోయినా, కడగకపోయినా, దాదాపు ఏడాది పొడుగునా చెమ్మగానే ఉంటుంది. ఆ చిన్న బ్యాటరీకి సెలవంటూ లేదు. తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ గాలిలోని ఉప్పు చాలా త్వరగా తగ్గిపోతుంది. అందుకే ఒకే ఊళ్లో, సముద్రం ముందున్న వీధికీ నాలుగైదు కిలోమీటర్లు లోపలున్న కాలనీకీ కూడా బోల్టుల్లో తేడా కనిపిస్తుంది. కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ దేశమంతటికీ తుప్పు పటం తయారుచేసింది. మనకు రోడ్ల పటం ఎంత అవసరమో పాత బండి కొనేవాడికి ఆ పటం అంత అవసరమని నాకనిపిస్తుంది.

సముద్రం లేని చోట మనుషులే ఉప్పు తెచ్చి పోస్తారు. అమెరికాలో మిషిగన్ లాంటి మంచు రాష్ట్రాల్లో, గడ్డకట్టిన రోడ్డు కరగడానికి చలికాలమంతా రాతి ఉప్పు చల్లుతారు. కార్ల పరిశ్రమకు పుట్టినిల్లు లాంటి డెట్రాయిట్ నగరం కిందనే, వెయ్యి అడుగులకు పైగా లోతులో, పెద్ద ఉప్పు గని ఉంది. ఆ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ పదేళ్ల కారు కిందికి తొంగిచూస్తే, విశాఖలో ఇరవై ఏళ్లు నిలిచిన కారు గుర్తుకొస్తుంది.

బలం ఎంత పెట్టాలి?

బోల్టు రానప్పుడు చేతికి తోచే మొదటి ఉపాయం పానాకు పైపు తొడిగి గట్టిగా తొక్కడం. చాలాసార్లు దానితోనే పని చెడుతుంది. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

బోల్టు బిగించేటప్పుడు మనం పెట్టే శ్రమలో దాదాపు సగం, తల కింద జరిగే రాపిడికే ఖర్చవుతుంది. సుమారు 40 శాతం మరల మధ్య ఘర్షణ తింటుంది. మిగిలిన పది శాతమే బోల్టును సాగదీసి, రెండు భాగాలను కలిపి నొక్కుతుంది. ఆ పది శాతమే అసలు పని. 12 మిల్లీమీటర్ల మందం, 8.8 గ్రేడు ఉన్న బోల్టు ఆ సాగుడుతో నాలుగైదు టన్నుల బలంతో భాగాలను పట్టి ఉంచగలదు. విప్పేటప్పుడు ఆ సాగుడు మనకు తోడ్పడుతుంది కాబట్టి, మామూలు బోల్టు బిగించిన దానికంటే తక్కువ బలానికే వదులవ్వాలి. తుప్పు పట్టినప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది. ఘర్షణ స్థానంలో, మరలను రెండు వైపుల నుంచి ఒత్తి పట్టిన గట్టి పదార్థం ఉంటుంది.

ఇక బోల్టు తట్టుకునే మెలికెంత? మరల అడుగున ఆ 12 మిల్లీమీటర్ల బోల్టు పది మిల్లీమీటర్ల కంటే కొంచెం సన్నం. 8.8 గ్రేడు ఉక్కు బలాన్ని బట్టి లెక్కిస్తే, సుమారు 120 నుంచి 130 న్యూటన్ మీటర్ల మెలికకు అది తెగిపోతుంది. అది కూడా తుప్పు తినకుండా పూర్తి మందం ఉన్నప్పటి మాట. ఇప్పుడు అరవై కిలోల మనిషి మీటరు పొడవున్న పైపు చివర తన బరువంతా వేస్తే ఎంత అవుతుంది? దాదాపు 590 న్యూటన్ మీటర్లు. బోల్టు భరించేదానికి నాలుగు రెట్లకు మించి. పైపు చివర పదమూడు కిలోల బరువు వేలాడితేనే ఆ బోల్టు తెగేందుకు సరిపోతుంది. అంటే మనకు బలం కొరత ఎప్పుడూ లేదు. కొరత ఉన్నది బోల్టుకే. తుప్పు పట్టు బోల్టు బలం కంటే ఎక్కువైన చోట ఎంత తొక్కినా ఫలితం ఒక్కటే, తల చేతికొస్తుంది, మొండెం లోపల ఉంటుంది.

కాబట్టి ఈ పనిలో తెలివంతా తుప్పు పట్టును తగ్గించడంలోనే ఉంది. అందుకు ముందు ఆ పట్టు ఎక్కడుందో తెలుసుకోవాలి.

అనుభవమున్న మెకానిక్‌ను గమనించండి. పానా వేసి మొదట కొద్దిగానే ఒత్తి చూస్తాడు. చేతికి తెలిసేదాన్ని బట్టి ఏం చేయాలో నిర్ణయిస్తాడు. రవ్వంత కూడా కదలక, రాయిలా నిలిస్తే మరల్లోనో తల కిందనో పట్టింది. పావు చుట్టు తిరిగినట్టే తిరిగి, వదలగానే మళ్లీ వెనక్కి వచ్చేస్తే సంగతి వేరు. అక్కడ మరలు బాగానే ఉన్నాయి. బోల్టు కాడ, బుష్ లోపలి ఉక్కు గొట్టానికి అతుక్కుపోయింది. మనం తిప్పుతున్నది బోల్టును కాదు, బోల్టూ గొట్టమూ కలిసి రబ్బరును మెలితిప్పుతున్నాయి. రబ్బరు వెనక్కి తిప్పేస్తోంది. కొంచెం తిరిగి, ఆపైన తిరిగేకొద్దీ బిగుసుకుంటే, రాలిన తుప్పు పొడి మరల్లో ఇరుక్కుంటోంది. తిప్పుతుంటే గట్టిదనం ఉన్నట్టుండి తగ్గి మెత్తగా సాగినట్టనిపిస్తే అక్కడితో ఆపేయాలి. ఉక్కు లొంగిపోతోంది, ఇంకో కొంచెం తిప్పితే తెగుతుంది. ఈ నాలుగు స్పర్శల తేడా ఏ పుస్తకంలోనూ చదివి ఉండడు, వేళ్లకు తెలుసు. ఆ తెలివికి నేను చాలా విలువ ఇస్తాను.

సస్పెన్షన్‌లో ఎక్కువమందిని ఏడిపించేది రెండో రకం. లోయర్ ఆర్ము బోల్టు పొడుగ్గా ఉండి, నలభై యాభై మిల్లీమీటర్ల మేర ఉక్కు గొట్టంలోంచి పోతుంది. ఆ సందులోకి చక్రం చిమ్మిన బురదనీరు చేరుతుంది, బయటికి రాదు. ఇలాంటిదే ఇంకొకటి, బాల్ జాయింటు కాడను బిగించే పించ్ బోల్టు. అది కాడకున్న గాడిలోంచి అడ్డంగా పోతుంది కాబట్టి, నట్టు ఊడినా కాడ బయటికి జారదు. బోల్టు పూర్తిగా వస్తేనే జాయింటు ఊడుతుంది.

నూనె ఎంత దూరం పోతుంది?

ముందు వైర్ బ్రష్. బయటికి పొడుచుకొచ్చిన మరల మీద తుప్పు, మట్టి గీకకుండా నట్టు తిప్పితే, నట్టు ఆ చెత్తనంతా మీదేసుకుని దారిలో బిగుస్తుంది. ఐదు నిమిషాల ఈ పనిని చాలామంది వదిలేస్తారు. ఆ తర్వాత నూనె.

పలుచని నూనె సన్నని సందులోకి తనంతట తానే పాకడాన్ని కేశనాళికీయత అంటాం. దీపం వత్తిలోకి నూనె ఎక్కడానికి ఇదే కారణం. ఎంత వేగంగా పాకుతుందన్నదానికి 1921లో ఎడ్వర్డ్ వాష్‌బర్న్ ఒక సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం నూనె పోయే లోతు, సమయానికి వర్గమూలంగా పెరుగుతుంది. అంటే రెట్టింపు లోతు చేరడానికి నాలుగింతల సమయం, ఐదింతల లోతుకు ఇరవై అయిదింతల సమయం. నట్టు ఎత్తు పది మిల్లీమీటర్లు, గొట్టం పొడవు యాభై. నట్టు మరల్లోంచి నూనె ఒక గంటలో పాకిందనుకుంటే, అంతే సందున్న గొట్టం ఈ చివరి నుంచి ఆ చివరికి చేరేందుకు ఒక రోజు పైన పడుతుంది. రెండు చివర్ల నుంచీ పోస్తే సగం దూరమే కాబట్టి పాతిక గంటలు ఆరు గంటలకు తగ్గుతాయి. తుప్పు కిక్కిరిసి సందే మిగలనిచోట ఎంతసేపు ఉంచినా లాభం లేదు. ఇప్పుడే నూనె కొట్టి ఇప్పుడే పానా వేసేవాళ్లకు ఆ నూనె మరకగానే మిగిలేది ఇందుకే. సాయంత్రం తడిపి, రాత్రి మళ్లీ ఒకసారి తడిపి, పొద్దున పని మొదలుపెట్టే పద్ధతికి వాష్‌బర్న్ సూత్రం గట్టి సాక్ష్యం.

అదే సూత్రం ప్రకారం నూనె ఎంత పలుచగా ఉంటే అంత మంచిది. మన షెడ్డుల్లో కిరోసిన్, డీజిల్ వాడింది ఊరికే కాదు. నీలం పసుపు డబ్బాలో దొరికే డబ్ల్యూడీ-40ని ఎక్కువమంది తుప్పు వదిలించే మందు అనుకుంటారు. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో దాన్ని తయారుచేసింది, అట్లాస్ క్షిపణుల పైతొడుగుకు తేమ తగలకుండా కాపాడటానికి. దాని పేరులోని మొదటి రెండు అక్షరాలు నీటిని తొలగించే గుణానికి, 40 అన్నది ఫలించిన నలభయ్యో ప్రయోగానికి గుర్తు. తేమ తరమడంలో అది మంచిదే. పట్టేసిన బోల్టుకు మాత్రం, అందుకోసమే చేసిన చొరబడే నూనెలు మేలు. గేరు నూనెలో అసిటోన్ కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. అది పలుచగా ఉండి బాగానే పాకుతుంది, కానీ అసిటోన్ ఆవిరి నిప్పురవ్వకు అంటుకుంటుంది. తర్వాత మంట పెట్టే ఉద్దేశముంటే దాని జోలికి పోకూడదు.

నూనె తుప్పును కరిగించదు. అది చేసేది రాపిడిని తగ్గించడం, రాలిన పొడి ఇరుక్కోకుండా జారేలా చూడడం. తుప్పును పగలగొట్టేది వేరే.

తుప్పు గట్టిదే, కానీ పెళుసు. నొక్కితే తట్టుకుంటుంది, అదిరితే పగులుతుంది. సుత్తితో బోల్టు తల మీద నిట్టనిలువుగా కొట్టే నాలుగు దెబ్బలు, పైపు వేసి తొక్కిన దానికంటే ఎక్కువ పని చేయడం దీనివల్లనే. దెబ్బ తగిలిన క్షణంలో మరల మధ్య ఒత్తిడి మారి, పెళుసు పొరలో పగుళ్లు పుడతాయి. ఆ పగుళ్లలోకి నూనె పోతుంది. బోల్టు చివర కొట్టాల్సి వస్తే నట్టును చివరకంటా తెచ్చి సమంగా ఉంచి కొట్టాలి, లేకపోతే మర చివర విచ్చుకుని నట్టు బయటికి రాదు. ఇంపాక్ట్ రెంచి చేసేది కూడా ఈ పనే. లోపల తిరిగే సుత్తి క్షణానికి ఎన్నోసార్లు చిన్న మెలిక దెబ్బలు వేస్తుంది. పెద్ద మిషనుతో ఒక్కసారిగా దాడి చేయడం కంటే, చిన్నదానితో కాసేపు విప్పే వైపూ, కాసేపు బిగించే వైపూ అదరగొట్టడం మంచిదని నా నమ్మకం. అప్పుడు ఉక్కు అలసిపోకుండా తుప్పు అలసిపోతుంది.

మొదటి కదలిక బిగించే వైపు ఉండటంలో కూడా అర్థముంది. అటు ఒక వెంట్రుకవాసి కదిలినా పట్టు తెగినట్టే. ఆపైన అర చుట్టు విప్పి, పావు చుట్టు బిగించి, నూనె వేసి, మళ్లీ అర చుట్టు. తొందరపడి ఒకేసారి విప్పుకుంటూ పోతే పొడి పేరుకుని మధ్యలో మళ్లీ పట్టేస్తుంది. పానా విషయంలో ఒక్క మాట. పన్నెండు మూలల సాకెట్ బోల్టు తల మూలలనే పట్టుకుంటుంది. ఆరు మూలల సాకెట్ పలకలను పట్టుకుంటుంది. తుప్పు తిన్న తలకు ఆరు మూలలదే వాడాలి. తల గుండ్రమైపోతే ఆ తర్వాత చేసేదంతా నష్టనివారణే.

వేడి, ఆపైన రంపం

ఇన్ని చేసినా రానిది వేడికి వస్తుంది. ఉక్కు, ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు తన కొలతలో కోటిలో 120 వంతుల చొప్పున వ్యాకోచిస్తుంది. బోల్టును చల్లగా ఉంచి, చుట్టూ ఉన్న నట్టును మాత్రం 300 డిగ్రీలు వేడెక్కిస్తే 12 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 43 మైక్రాన్లు పెరుగుతుంది. తల వెంట్రుక మందం కంటే తక్కువే, కానీ తుప్పు పట్టు వదలడానికి అది చాలు. కీలకం ఏమిటంటే వేడి నట్టుకు వేగంగా ఎక్కాలి, బోల్టుకు పాకేలోపు తిప్పాలి. చిన్న మంటతో పావుగంట కాస్తే రెండూ కలిసి వేడెక్కి, కలిసి వ్యాకోచించి, తేడా మిగలదు. చక్రాన్ని మోసే అల్యూమినియం నకిల్‌లో ఉక్కు బోల్టు పట్టేసినప్పుడు వేడి మరీ బాగా పనిచేస్తుంది. అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అయితే అది ఎర్రబడకుండానే మెత్తబడి, 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి కంటితో చూసి కొలవలేం.

వేడి చేసే ఇంకో మేలు తుప్పు లోపలే జరుగుతుంది. తుప్పులో ఉండే గోయెథైట్ అనే ఖనిజం 250 నుంచి 300 డిగ్రీల మధ్య తనలోని నీటిని వదిలి హెమటైట్‌గా మారుతుంది. పసుపు మట్టిని కాలిస్తే ఎర్రమట్టి అయ్యేది ఈ మార్పుతోనే. నీరు పోయేకొద్దీ ఖనిజం కుంచించుకుని పొర బీటలు వారుతుంది.

ఉక్కు తన వేడిని రంగులో చెబుతుంది. 230 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, 300 దగ్గర నీలం, 550 దాటాక చీకట్లో మసక ఎరుపు. నీలం వచ్చేసరికి మన పని చాలావరకు అయిపోయినట్టే. ఎర్రగా కాల్చిన 8.8 గ్రేడు బోల్టు, దాన్ని గట్టిపరిచిన వేడి చికిత్సను పోగొట్టుకుంటుంది. అది మళ్లీ కారుకు పనికిరాదు.

సస్పెన్షన్‌లో మంటకు నిషిద్ధ స్థలాలు చాలా. బుష్‌ల రబ్బరు, బాల్ జాయింట్ల గ్రీజు, బ్రేకు గొట్టాలు, పెట్రోలు ట్యాంకు. గ్యాస్ నింపిన షాకబ్సర్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ మంట చూపకూడదు. జింకు పూత కాలితే తెల్లని పొగ వస్తుంది, పీలిస్తే జ్వరం తగులుతుంది. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో కడిగిన చోట మంట పెడితే ఫాస్జీన్ పుట్టవచ్చు, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులను చంపిన విషవాయువు అది. ఈ ఇబ్బందులను చాలావరకు తప్పించేది ఇండక్షన్ హీటర్. నట్టు చుట్టూ తొడిగిన తీగచుట్టలో వేగంగా దిశ మార్చే విద్యుత్తు ప్రవహిస్తే నట్టులోనే సుడి ప్రవాహాలు పుట్టి, క్షణాల్లో అదొక్కటే ఎర్రబడుతుంది. చుట్టుపక్కల మంట ఉండదు. విదేశాల్లో ఇది షెడ్డుల్లో మామూలైపోయింది. మన పట్టణాల్లో కూడా నలుగురు మెకానిక్‌లు కలిసి ఒకటి కొనుక్కుంటే బాగుంటుంది.

బుష్ గొట్టంలో అతుక్కున్న బోల్టుతో గంటలకొద్దీ పోరాడడం నాకు సమ్మతం కాదు. ఎలాగూ కొత్త బుష్, కొత్త బోల్టు వేయబోతున్నాం. బ్రాకెట్‌కూ బుష్‌కూ మధ్య సందులో రంపపు బ్లేడు దూర్చి బోల్టును రెండు వైపులా కోసేస్తే ఆర్ము కిందికి వస్తుంది. కోత ఖరీదు ఒక బోల్టు. పట్టుదల ఖరీదు, చట్రానికి వెల్డు చేసి ఉన్న నట్టు ఊడిపోవడం కావచ్చు. అది ఊడితే బాడీ కోసి లోపలికి చేరాలి. రంధ్రంలో తెగి ఉండిపోయిన ముక్కకు, దానిమీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పడం మంచి మార్గం. పట్టు దొరుకుతుంది, వేడీ తగులుతుంది. ఈజీ అవుట్ అనే గట్టి ఉక్కు పుల్లను సన్నని బోల్టుల్లో బలంగా తిప్పకూడదు. అది లోపల విరిగితే డ్రిల్లు కూడా దిగదు, లేత్ షాపుకే పోవాలి.

కారు కింద పడుకునే ముందు ఒక్క విషయం మాత్రం ఏమాత్రం సడలింపు లేకుండా చెప్పాలి. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. ఇటుకలూ, సిమెంటు దిమ్మెలూ బరువుకు ఉన్నట్టుండి పగులుతాయి. బోల్టు విప్పడానికి పక్కకు గుంజే బలం బండిని జాకీ మీదినుంచి తప్పించేంత ఉంటుంది. స్టాండ్లు లేకుండా కిందికి దూరకూడదు. స్ప్రింగు, షాకబ్సర్ కలిసి ఉండే స్ట్రట్ పైన మధ్యలో ఉన్న నట్టును, స్ప్రింగు కంప్రెసర్ బిగించకుండా వదులు చేయకూడదు. మిల్లీమీటరుకు 25 న్యూటన్ల గట్టిదనమున్న స్ప్రింగు 150 మిల్లీమీటర్లు నొక్కి ఉంటే దానిలో 280 జౌళ్ల శక్తి దాగి ఉంటుంది. పది కిలోల బరువు సుమారు మూడు మీటర్ల ఎత్తు నుంచి మీద పడటంతో సమానం. పాతబడి తుప్పు తిన్న స్ప్రింగు, నట్టు వదిలేవరకు ఆగకుండానే విరగవచ్చు కూడా.

తిరిగి బిగించేటప్పుడు

బోల్టు ఊడాక అలసట వస్తుంది. కొత్త బోల్టు కోసం పక్కనున్న హార్డ్‌వేర్ కొట్టుకు మనిషిని పంపాలనిపిస్తుంది. అక్కడ దొరికే మామూలు బోల్టు చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది. తల మీద ముద్ర చూడండి. 8.8 అంటే 800 మెగాపాస్కల్స్ తన్యబలం, అందులో 80 శాతానికి అంటే 640కి ఉక్కు లొంగడం మొదలుపెడుతుంది. 10.9 అంటే 1000, 900. కొట్లో ముద్ర లేకుండా దొరికేవాటిలో చాలావరకు 4.6 తరహావి, 240కే లొంగుతాయి. చక్రాన్ని పట్టి ఉంచే చోట అది వేయడం ప్రాణంతో చెలగాటం. ఒకసారి వాడిన నైలాన్ పట్టీ నట్టును కూడా, అందులోనూ వేడి తగిలినదాన్ని, మళ్లీ వేయకూడదు.

మళ్లీ తుప్పు పట్టకుండా యాంటీ సీజ్ పేస్టు పూస్తే? పూయాలి, కానీ చోటు చూసి. మరల మీద పూస్తే ఘర్షణ తగ్గి, అదే టార్కుకు బోల్టు ఎక్కువ సాగుతుంది. పొడి మరలకు చెప్పిన టార్కుతో పేస్టు పూసిన బోల్టును బిగిస్తే బిగింపు యాభై శాతం వరకు పెరిగిపోవచ్చు, బోల్టు పరిమితి దాటుతుంది. నిజంగా పేస్టు కావలసింది బోల్టు నున్నటి కాడ మీద, బుష్ గొట్టం లోపల. అక్కడ అది నీటికి చోటివ్వదు, బిగింపు లెక్కనూ చెడగొట్టదు. కొత్త బోల్టు మీద జింకు పూత పది మైక్రాన్ల లోపే ఉంటుంది. ఇనుము కంటే ముందు తాను కరుగుతూ అది ఇనుమును కాపాడుతుంది కాబట్టి, దాన్ని గీకకుండా చేత్తో నాలుగైదు మరలు ఎక్కించాకే పానా వేయాలి. తీరప్రాంతం వాళ్లు నెలకోసారి బండి కిందిభాగాన్ని మంచినీళ్లతో కడిగించుకుంటే చాలు, ఉప్పు పేరుకోదు.

చివరి బిగింపు మాత్రం కారు గాలిలో ఉండగా చేయకూడదు. బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్‌కు కట్టుబడిపోతుంది. ఆ తర్వాత చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా రబ్బరు మెలిపడుతుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీద నిలబడ్డ ప్రతి క్షణమూ ఆ రబ్బరు మెలితిరిగే ఉంటుంది. కొత్త బుష్ ఆర్నెల్లకే చిరిగిందని స్పేర్ పార్టును తిట్టుకునేవాళ్లు, చాలాసార్లు తిట్టాల్సింది ఈ బిగింపునే. అందుకని బోల్టులను ముందు చేత్తో సరిపడా ఎక్కించి, బండిని నాలుగు చక్రాల మీద దించాలి. ముందు భాగాన్ని రెండు మూడుసార్లు కిందికి నొక్కి వదిలితే స్ప్రింగు తన స్థానంలో కుదురుకుంటుంది. అప్పుడు టార్క్ రెంచితో బిగించి, బండిని వీల్ అలైన్‌మెంట్‌కు పంపాలి.